ఎవరూ పట్టుకోని ఆటగాడు

పోయిన నెలలో సంస్కరణ సమాజం కుర్రాళ్ళు నలుగురు మా ఇంటికి వచ్చారు. కండువాలు వేసుకుని, చెప్పులు వాకిట్లో వరసగా విడిచి, చాప మీద బుద్ధిగా కూర్చున్నారు. నలుగురూ నా దగ్గర ఆట నేర్చుకున్నవాళ్ళే. మోకాలు వంగక నేను స్కూల్లో డ్రిల్లు మాస్టరు ఉద్యోగం మానుకున్నాను కదా, అందుకని సభ పెట్టి దండ వేస్తారట.

"ఈ జిల్లాలో అంటరానివాళ్ళని మొదట ఆటలోకి తీసుకొచ్చింది మీరేనటండీ మాస్టారూ. ఈ సంగతి మాకెప్పుడూ చెప్పలేదేంటండి?" అన్నాడు వాళ్ళలో చొరవగలవాడు.

నేను తల దించుకుని చాప అంచు సవరించాను. దాన్ని వినయం అనుకుని దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయారు.

ఆ వారంలోనే పని మీద పడవెక్కి పాలకొల్లు వైపు వెళ్ళాను. లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు ఒడ్డున కూర్చున్న ఒక ముసలాయన నన్ను గుర్తుపట్టాడు. పక్కవాడితో, నాకు వినపడేలాగే, "అదిగో, కామందు గారి గింజలు తిని ఆట అమ్ముకున్న పెద్దమనిషి" అన్నాడు. లాకు తలుపులు తెరుచుకున్నాయి, పడవ కదిలింది.

ఈ రెండు మాటలూ ఒక్క రోజు ఆట గురించినవే. రెండూ అబద్ధాలే. తిట్టు అబద్ధమైతే ఇంతకాలం భరించాను. పొగడ్త అబద్ధమైతే మాత్రం భరించలేను. దండ మెడలో పడితే అది నిజమైపోతుంది. అందుకని ఇది రాస్తున్నాను. చదివి మీకు నా మీద గౌరవం తగ్గితే తగ్గనివ్వండి. తగ్గాల్సిందే.

నేను సముద్రం ఒడ్డున వలలు వేసుకునే వాళ్ళ ఇంట్లో పుట్టాను. వల రాళ్ళకి పట్టుకుంటే నీళ్ళలోకి మునిగి విడిపించుకు రావాలి. చిన్నప్పటి నుంచీ అదే పని కావడంతో ఎంతసేపైనా ఊపిరి బిగబట్టగలిగేవాణ్ణి. మీకు చెడుగుడు అంటే బడి వదిలాక ఆడుకునే ఆట. నా వయసులో అది మాకు కూడు. ఆనకట్ట నీళ్ళు వచ్చాక డెల్టాలో పొలాలు రెండు పంటలు పండాయి. పెద్ద పెద్ద కామందులు తయారయ్యారు. పందెం ఎడ్లని మేపినట్టే ఒక్కొక్కరూ ఒక్కొక్క చెడుగుడు జట్టుని మేపేవారు. కోతలయ్యాక తీర్థాల్లో వాళ్ళ జట్లు తలపడేవి. ఏ కామందు జట్టు గెలిస్తే మళ్ళీ ఏడాది దాకా ఆయన మీసం ఆయనది.

నేను మా కామందు గారి జట్టులో పదేళ్ళ పైనే ఆడాను. కళ్ళం దగ్గర ఏడాదికి సరిపడా ధాన్యం కొలిచి ఇచ్చేవారు. ఒక పట్టులో మోకాలు తిరిగిపోయాక ఇక ఆడలేనని తెలిసింది. నన్ను పంపెయ్యకుండా, "కుర్రాళ్ళకి నేర్పు" అన్నారు కామందు గారు. అలా ఆటగాణ్ణి కాస్తా వస్తాదునయ్యాను. కాలవలో పీకల్లోతు నిలబెట్టి కూత పెట్టించేవాణ్ణి. నీళ్ళు గుండెని నొక్కుతుంటే కూత తెగకుండా పెట్టగలిగినవాడు గట్టు మీద రెండింతలు పెడతాడు. ఆ పద్ధతి నాదే. దాని గురించి పొగిడితే కాదనను.

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తరవాతది మీకు అర్థం కాదు. చెడుగుడు తాకే ఆట. ఊపిరి తీసుకోకుండా చెడుగుడు అంటూ కూతకి వచ్చినవాడు తాకి వెనక్కి పోతే మనవాడు చచ్చినట్టు. వాణ్ణి పట్టి కూత తెగేదాకా ఆపితే వాడు చచ్చినట్టు. బరి గీత దాటి బయట కాలు పెట్టినా చచ్చినట్టే. మరి ఒకరినొకరు తాకకూడని మనుషులు ఈ ఆట ఎలా ఆడేవారు? దానికి మా వాళ్ళు ఒక ఒప్పందం పెట్టుకున్నారు. బరిలో ఉన్నంతసేపూ మైల లేదు. బయటికి రాగానే ఉంది. రైతుబిడ్డలు నన్ను నడుం పట్టుకుని ఎత్తి పడేసేవారు, ఆట అవగానే కాలవలో మునిగేవారు. వాళ్ళు ఎగువ రేవున, నేను దిగువ రేవున. అది నాకు తప్పుగా తోచలేదు. పైగా గొప్పగా ఉండేది. నేను బరిలోకి రానివ్వదగ్గవాణ్ణి కదా! నాకంటే కిందివాళ్ళని బరిలోకే రానివ్వరు కదా!

నేను వస్తాదునయ్యాక రెండేళ్ళు వరసగా ఓడాం. అవతలి కామందు తుని వైపు నుంచి దున్నల్లాంటి మనుషుల్ని తెచ్చుకున్నాడు. మేం గోల చేస్తే, "ఎవరి జట్టులో ఎవడుండాలన్నది ఆ కామందు ఇష్టం" అని పెద్దమనుషుల చేత తీర్పు చెప్పించుకున్నాడు. రెండో ఏడు ఓడి వచ్చాక మా కామందు గారు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ నాతో ఒక్క మాటే అన్నారు.

"ఒరే, ఎలా గెలుస్తావో నాకు చెప్పకు. గెలిచి చెప్పు."

వేసవిలో కాలవలు కట్టేశారు. నీళ్ళు దిగిపోయి కాలవ అడుగున ఇసుక తేలింది. ఒక సాయంత్రం నేనూ మా జట్టు వాళ్ళు ఇద్దరూ గట్టు మీద నడుస్తుంటే కింద కేకలు వినిపించాయి. ఊరి బయట పేట వాళ్ళు, అంటరానివాళ్ళని ఊరు వెలివేసి ఉంచిన పేట వాళ్ళు, ఆ ఇసుకలో చెడుగుడు ఆడుతున్నారు. వాళ్ళలో ఒకడు మా కామందు గారి దగ్గరే పాలేరు. ఇరవై ఏళ్ళుంటాయి. నల్లగా, పొడుగ్గా, కూతకి వచ్చినప్పుడు నేలకి ఒంగి పాకినట్టు నడుస్తున్నాడు. కూతకి వచ్చినవాణ్ణి వాడు పట్టిన పట్టు చూశాను. నడుం దగ్గరికి పోడు, చెయ్యి జోలికి పోడు. వచ్చినవాడు వెనక్కి తిరిగే క్షణంలో చీలమండ అందుకుంటాడు. అంతే, వాడు ముందుకి పడతాడు. నేను పదేళ్ళు తీర్థాల్లో ఆడి అలాంటి పట్టు చూడలేదు.

ఇంకా దగ్గర నుంచి చూద్దామని గట్టు దిగబోయి జారాను. మోకాలు మంచిది కాదు కదా. ఆ పాలేరు ఒక్క దూకులో వచ్చి చెయ్యి చాపాడు. చాపి, గుర్తొచ్చినట్టుంది, వెనక్కి తీసుకున్నాడు. నేను గడ్డి పట్టుకుని లేచాను. లేచి వెనక్కి చూస్తే, మా జట్టు వాళ్ళిద్దరూ రెండడుగులు వెనక్కి వేసి నిలబడి ఉన్నారు. వాడు దగ్గరికొచ్చాడని.

నాకు ఆలోచన వచ్చింది అప్పుడే. ఆ చీలమండ పట్టు చూసి కాదు. ఈ రెండడుగులు చూసి.

సమాజం కుర్రాళ్ళారా, ఇది మళ్ళీ చదవండి. మన ప్రాంతంలోకెల్లా గొప్ప ఆటగాడు నా కళ్ళ ముందు ఉంటే, నాకు కనిపించింది ఆట కాదు. వాణ్ణి చూసి జనం వెనక్కి జరుగుతారన్న సంగతి. బరిలో వెనక్కి జరిగితే గీత దాటతారు. గీత దాటితే చచ్చినట్టే. వాడు ఎవర్నీ తాకక్కర్లేదు. వాణ్ణి ఎవరూ పట్టుకోరు. మీరు దండ వెయ్యబోయింది ఈ లెక్క వేసిన మనిషికి.

కామందు గారికి చెప్తే ముందు ఉలిక్కిపడ్డారు. తరవాత పొట్ట పట్టుకుని నవ్వారు. "ఎవరి జట్టులో ఎవడుండాలన్నది ఆ కామందు ఇష్టం. వాడన్న మాటేగా! వాడి మాట వాడి నోట్లోనే కుక్కుదాం" అన్నారు. మా జట్టు వాళ్ళే మొండికేశారు.

"వాడి పక్కన నిలబడి ఆడాలా అండి? మా ఇళ్ళల్లో గుమ్మం ఎక్కనిస్తారా?"

"పక్కన ఎందుకురా? వాడు ఓ మూల ఉంటాడు. మీరు చేతులు పట్టుకునే గొలుసులోకి రాడు. అవతలివాళ్ళు కూతకి వచ్చినప్పుడు చేతులు కట్టుకుని నిలబడతాడు. కూతకి మాత్రం వెళ్తాడు, వస్తాడు. అంతే."

వాడికీ అదే చెప్పాను. "ఎవర్నీ పట్టకూడదు. తెలిసిందా?"

"ఆయ్" అన్నాడు.

ఆ చీలమండ పట్టుని అలా కట్టిపడేశాను.

మొదటి ఆట చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. వాడు కూత పెట్టుకుంటూ గీత దాటగానే అవతలివాళ్ళు, తుని దున్నలతో సహా, కోళ్ళ గంప ఎత్తినట్టు చెదిరారు. ఇద్దరు గీత బయట పడ్డారు. ఒకడు తడబడి వెల్లకిలా పడి, వాడు దగ్గరికి వస్తుంటే పడుకునే దొర్లి బయటికి పోయాడు. జనం ఈలలు. అవతలి కామందు పెద్దమనుషుల దగ్గరికి పరుగెత్తాడు. వాళ్ళు ఆయన తీర్పే ఆయనకి చదివి వినిపించారు. ఆ ఏడు మూడు తీర్థాల్లో మూడు ఆటలూ గెలిచాం. నన్ను అందరూ బుర్రగలవాడన్నారు. నేనూ కాదనలేదు.

మూడో ఆట అయ్యాక, అందరూ రేవుకి వెళ్ళాక, వాడు నా దగ్గరికి వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"ఒక మాటండి."

"ఏంట్రా?"

"నన్నెవరూ పట్టుకోట్లేదండి."

"అందుకేగా గెలుస్తున్నాం."

"ఆయ్. గెలుస్తున్నామండి." కాసేపు కాలి బొటనవేలితో మట్టి గీకాడు. "మా పేటలో అడుగుతున్నారండి, ఎలా ఆడావని. ఏం చెప్పాలో తెలీట్లేదండి. నడిచి వచ్చానని చెప్పాలండి. అవతలివాళ్ళలో ఎవరైనా ఒక్కసారి పట్టుకుంటే, నేను విడిపించుకుని వస్తే, అప్పుడు ఆడినట్టండి. పోనీ అవతలివాళ్ళు కూతకి వచ్చినప్పుడు నన్నొక్క పట్టు పట్టనివ్వండి. ఒక్కటే."

"పట్టి? ఆ రైతుబిడ్డ కాలు నువ్వు పట్టుకుంటే ఊళ్ళు తగలబడతాయిరా. నీకు ధాన్యం కొలవట్లేదా?"

"కొలుస్తున్నారండి."

"మరి ఆటెందుకురా నీకు?" అని నవ్వాను.

చేపలు పట్టేవాళ్ళ పిల్లవాణ్ణి. పదేళ్ళు ఆ బరిలో ఒళ్ళు విరగ్గొట్టుకున్నది ధాన్యం కోసమేనా నేను? ఆ ప్రశ్న ఇంకెవరు అడిగినా పోనీ అనుకోవచ్చు. నేను అడగకూడదు. ఆ నవ్వు నా గొంతులోంచి వచ్చిందన్న సంగతి నాకు ఇవాళ్టికీ మింగుడు పడదు.

మరుసటి శివరాత్రికి పట్టిసీమ దగ్గర ఇసుక తిన్నెల మీద ఆట. పడవల మీద వచ్చిన జనం గట్టు పొడుగునా నిండిపోయారు. మునిగి తడిబట్టలతో వచ్చినవాళ్ళు ఆ తడి మీదే కూర్చున్నారు. కామందులిద్దరికీ చెరో పందిరి.

అవతలి జట్టులో ఆ ఏడు కొత్త మనిషి ఉన్నాడు. కొత్త అంటే నాకు కాదు. మా అక్క మొగుడు. వడ్ల పడవల మీద కళాసీ. గెడ వేసి వేసి చేతులు తాటిపట్టెల్లా ఉంటాయి. నోరు అంతకంటే గట్టిది. మా కులంవాణ్ణే తెచ్చి నిలబెడితే మా పాలేరుని చూసి అంతగా బెదరడని అవతలి కామందు లెక్క. బరి గీస్తుండగా బావ నా దగ్గరికి వచ్చాడు.

"ఏరా బామ్మర్దీ, ఆటగాణ్ణి తెచ్చావా, దిష్టిబొమ్మని తెచ్చావా?"

"గెలిచాక చెప్తాలే బావా."

"గెలుపంట్రా అది? పొలంలో దిష్టిబొమ్మ కూడా కాకుల్ని గెలుస్తుంది. అదేమన్నా ఆటగాడిలా దెబ్బలు తిని తిరిగొచ్చి కాళ్ళు పట్టించుకుందా, బెణుక్కి సున్నం రాయించుకుందా?"

అందరూ నవ్వారు. మా పాలేరు అక్కడే, బరి మూల, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి మొహం నేను చూడలేదు. చూస్తే ఏమైనా అర్థమయ్యేదేమో.

ఆట హోరాహోరీగా నడిచింది. వాడు కూతకి వెళ్ళినప్పుడల్లా అవతల ఒకరో ఇద్దరో గీత దాటారు. మావాళ్ళని బావ ఒక్కొక్కణ్ణే పట్టి ఇసుకలో పాతాడు. ఎండ వాలేసరికి మా పక్క మిగిలింది పాలేరు ఒక్కడు. అవతల మిగిలింది బావ ఒక్కడు. కూత మాది.

వాడు గీత దాటాడు. బావ వెనక్కి జరిగాడు. జరిగి జరిగి చివరి గీత మడమకి తగిలేసరికి ఆగాడు. గీత మాత్రం దాటలేదు. ఇక తప్పుకునే చోటు లేదు. వాడు చెయ్యి చాపి వేలితో తాకి వెనక్కి పరుగెడితే ఆట మాది. వాడు బావకి చేతికందే దూరంలోకి వచ్చాడు.

వచ్చి ఆగాడు.

చేతులు రెండూ కిందికి వదిలేశాడు. కూత మాత్రం ఆపలేదు. "చెడుగుడు చెడుగుడు" అంటూ బావ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఇక్కడే కథలు పుట్టాయి. నేను "పట్టుకో బావా" అని అరిచానని సమాజం కుర్రాళ్ళకి ఎవరో చెప్పారు. ఆ మాట అరిచి ఆట అమ్ముకున్నానని లాకుల దగ్గర ముసలాయన నమ్మకం. నేను అరిచింది అది కాదు. "తాకేసి రారా!" అని అరిచాను. గొంతు పగిలేలా మళ్ళీ మళ్ళీ అరిచాను. "తాకిరా, దరిద్రుడా, తాకిరా!" అని కూడా అరిచాను. అది నా మాట. దాన్ని దిద్ది నాకు గొప్పతనం అంటగట్టకండి.

అవతలి గట్టు నుంచి ఇంకో కేక. "కదలకు! ఊరికే నిలబడు! వాడి ఊపిరి వాడే అయిపోతుంది!" నిజమే. బావ వేలైనా ఎత్తక్కర్లేదు. కూత తెగితే వాడు చచ్చినట్టే, ఆట వాళ్ళదే. మైలా లేదు, శ్రమా లేదు. బావ నిలబడ్డాడు. వాడూ నిలబడ్డాడు. కూత సన్నబడుతోంది. గోదావరి మీద గాలి చప్పుడూ, ఆ కూతా, అంతే వినిపిస్తోంది.

బావ మొహం మీద చెమట కారుతోంది. నాకు బావ తెలుసు. పేకాటలో ఎదుటివాడు ముక్క కావాలని వదిలేస్తే ముక్కలన్నీ విసిరికొట్టే మనిషి. ఒక్కసారి పళ్ళు కొరికి, "నీ యమ్మ కడుపు చల్లగుండ, రారా!" అని గర్జించి, వాడి మీదికి దూకి నడుం పట్టేశాడు.

జనం అయ్యో అన్నారో, ఆహా అన్నారో నాకు తెలీదు.

అప్పుడు వాడు ఆడాడు. ఉన్న ఊపిరి ఉన్నంతసేపూ, ఇన్నాళ్ళూ దాచుకున్నదంతా బయటికి తీశాడు. ఒంగాడు, తిరిగాడు, బావని వీపు మీద మోస్తూ మధ్య గీత వైపు ఈడ్చుకొచ్చాడు. గెడ వేసే ఆ చేతులు జారుతున్నాయి. బావ మడమలు ఇసుకలో రెండు కాలవలు తవ్వాయి. కూత ఇప్పుడు మాట కాదు, గాలి. వాడు ముందుకి పడి చెయ్యి చాపాడు. గీతకీ వాడి వేళ్ళకీ మధ్య జానెడు ఇసుక ఉందనగా కూత తెగింది.

మేం ఓడిపోయాం.

వాడు లేవలేదు. బావ వాడి మీద అలాగే పడి ఉన్నాడు. ఇద్దరూ రొప్పుతున్నారు. దగ్గరికి వెళ్తే తెలిసింది, వాడు నవ్వుతున్నాడు. ఇసుక నోట్లోకి పోతున్నా నవ్వు ఆపట్లేదు.

కామందు గారు పందిట్లోంచి చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చారు. పెద్దమనుషులు కూడారు.

"ఈ ఆట చెల్లదు. నా పాలేరు ఆట అమ్ముకున్నాడు. చేతికందేవాణ్ణి తాకకుండా నిలబడ్డాడు, ఇంతమందీ చూశారు." ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పరా. వస్తాదువి నువ్వు. అమ్ముకున్నాడా, లేదా?"

ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. అవునంటే ఆట కొట్టేస్తారు, కామందు గారి మీసం నిలబడుతుంది, కళ్ళం దగ్గర నా ధాన్యం నాకుంటుంది. పాలేరుని పడవకొయ్యకి కట్టి కొడతారు. కట్టడానికి తాడు పట్టుకుని ఇద్దరు అప్పటికే వచ్చారు.

"అమ్ముకోలేదండి" అన్నాను.

"మరెందుకు నిలబడ్డాడు?"

"ఆడదామనండి."

"ఆడదామనా? ఏడాది నుంచీ ఏం చేస్తున్నాడు మరి?"

"ఏడాది నుంచీ నేను ఆడనివ్వలేదండి. వాణ్ణి చూపించి జనాన్ని బెదరగొట్టాను. వాడు ఆట ఆడింది ఇవాళేనండి. పట్టు న్యాయమైన పట్టు. మనం ఓడిపోయామండి."

కామందు గారు చెయ్యెత్తారు. కొట్టేవారేమో. ఇంతలో బావ లేచి, ఇసుక దులుపుకోకుండానే మధ్యలోకి వచ్చాడు.

"అదేంటండి బాబూ! అమ్ముకున్నాడంటారేంటి? నా భుజం ఊడి వచ్చింది ఇటు చూడండి. ఇవాళ ఈ తీర్థంలో ఇంత పట్టు ఇంకెవడన్నా పట్టాడా? రేపు మా ఆవిడ నన్ను గుమ్మం ఎక్కనివ్వదు, అది నా ఖర్మ. ఇంత చేశాక, వాడే పడ్డాడంటే నా పట్టు ఏమైనట్టండి? ఒప్పుకోను. వాడు అమ్ముకోలేదు. నేనే పట్టాను!"

పెద్దమనుషులు అవతలి జట్టు గెలిచిందన్నారు. తాడు పట్టుకొచ్చినవాళ్ళు దాన్ని చుట్టుకుని వెళ్ళిపోయారు. మా అక్క బావని నిజంగానే గుమ్మం ఎక్కనివ్వలేదు. వారం రోజులు పడవ మీదే వండుకు తిన్నాడు. ఆ వారమంతా ఏ రేవులో ఆగినా ఆ పట్టు గురించే చెప్పుకున్నాడని విన్నాను.

నాకు కామందు గారి ఇంట్లో పని పోయింది. దాని గురించి నాకు విచారం లేదు, అప్పుడూ లేదు. అంతమంది ముందు ఆ మాట అన్నందుకు తల దించుకోను. కానీ ఆ ఒక్క మాటతో ఏడాది పాపం కడుక్కుపోయిందని చెప్పను. తాడు కళ్ళబడ్డాక నిజం చెప్పడం గొప్పేం కాదు. తాడు లేనప్పుడు, వాడు మట్టి గీకుతూ అడిగినప్పుడు చెప్పాల్సింది.

వాడికి కూడా పని పోయింది. ఊళ్ళో ఇంకెవరూ పెట్టుకోలేదు. పేట వాళ్ళు కొందరు కాకినాడ వెళ్ళి, కూలికి బర్మా పోయే రంగం ఓడ ఎక్కుతుంటే వాడూ బయల్దేరాడు. తెలిసి రేవుకి వెళ్ళాను. పడవ చివర, బస్తాల వెనక కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"రంగం ఎందుకురా? నేను రాజమండ్రి వెళ్తున్నాను. అక్కడ స్కూల్లో ఆటలు నేర్పడానికి మనిషి కావాలంటున్నారు. నువ్వూ రా. అక్కడొక జట్టు కడదాం."

"ఆ జట్టులో నన్ను పట్టుకుంటారాండి?"

వెటకారం లేదు వాడి గొంతులో. నిజంగానే అడిగాడు. పట్టుకుంటారంటే దిగేవాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను, రాలేదు. సరంగు కేకేశాడు. గెడ పడింది. వాడు బస్తాల వెనక మళ్ళీ కూర్చున్నాడు. రంగంలో ఏమయ్యాడో నాకు తెలీదు. అడిగితే చెప్పేవాళ్ళు ఉన్నారేమో, నేను అడగలేదు.

స్కూల్లో చేరాను. అక్షరాలు కూడా అక్కడే నేర్చుకున్నాను. గోదావరి మీద రైలు వంతెన కట్టక ముందు నుంచీ, కట్టాక ఇన్నేళ్ళూ మీకు డ్రిల్లు చేయించాను, చెడుగుడు ఆడించాను. ఒకసారి, ఒకే ఒక్కసారి, పేట నుంచి ఒకణ్ణి జట్టులో పెడదామని హెడ్మాస్టరు గారిని అడిగాను. "పిల్లల తండ్రులు ఊరుకోరండి" అన్నారు. సరేనని బయటికి వచ్చేశాను. సరేనన్నది నేను. ఆయన కాదు.

నలుగురు వచ్చారు కదా దండ వెయ్యడానికి. మిమ్మల్ని అడుగుతున్నాను. నా దగ్గర ఇన్నేళ్ళు ఆడారు. ఉపన్యాసాలు ఇస్తున్నారు, కరపత్రాలు పంచుతున్నారు. మీలో ఒక్కరైనా పేటవాణ్ణి నడుం పట్టుకుని, ఒళ్ళంతా చెమట అంటుకునేలా, కూత తెగేదాకా పట్టారా? ఉపన్యాసం దూరం నుంచి ఇవ్వచ్చు. పట్టు దూరం నుంచి పడదు.

సభకి నేను రాను. ఇది కోపంతో అంటున్న మాట కాదు, నిర్ణయించుకున్న మాట. ఊరి కింద, రేవు దాటాక ఇసుక మేట ఉంది. దాని పక్కనున్న పేట కుర్రాళ్ళతో మాట్లాడాను. వాళ్ళ ముసలివాళ్ళు ముందు నన్ను నమ్మలేదు. నమ్మకపోవడమే న్యాయం. "మా వాళ్ళని మళ్ళీ దేనికి వాడుకుంటావయ్యా?" అని మొహం మీదే అడిగారు. ఉన్నదున్నట్టు, ఇక్కడ రాసిందంతా చెప్పాను. విని తమలో తాము తర్కించుకున్నారు. తరవాత ఒప్పుకున్నారు.

వచ్చే ఆదివారం ఎండ తగ్గగానే ఆ ఇసుకలో బరి గీస్తాను. వాళ్ళలో ఎవరూ మూల నిలబడరు, ఎవరూ చేతులు కట్టుకోరు. పట్టేవాడు పడతాడు, పడేవాడు పడతాడు. ఆట అయ్యాక మునిగేవాళ్ళకి రేవు ఒక్కటే, ఎగువా దిగువా లేదు. పిల్లల తండ్రులు వచ్చి అరిస్తే నా మీద అరవనివ్వండి. పోవడానికి నాకిప్పుడు ఉద్యోగం కూడా లేదు.

కూతకి వాళ్ళొస్తారు. పట్టుకోవడానికి మీరు రండి.